కల్లు మానాలనుకునే మనిషికి మద్యం మానేసినవారి గ్రూపులో చోటు ఉందా?

ప్రశ్న
రాసినవారు: రామగిరి వాసి, నల్లగొండ

నల్లగొండలో ప్రతి ఆదివారం సాయంత్రం మద్యం మానేసినవారూ మానాలనుకుంటున్నవారూ కలిసి కూర్చునే ఒక చిన్న గ్రూపు బాధ్యతలు ఈ ఏడాది నేను చూస్తున్నాను. గ్రూపు ఎక్కడ కూర్చుంటుందో ఇక్కడ రాయను. పద్ధతి ఆల్కహాలిక్స్ అనానిమస్‌దే, అంటే తాగుడు మానాలనుకునేవారు పూర్తి పేర్లు బయటపెట్టకుండా ఒకరికొకరు తోడుండే సహవాసానిది. ఒక గది అద్దెకు తీసుకున్నాము. అద్దెకూ టీకీ అయ్యే ఖర్చు హాజరైనవారమే డబ్బాలో వేసుకుంటాము, బయటివారి చందా ముట్టము. వచ్చేవారిలో ఉపాధ్యాయులు, రెవెన్యూ ఉద్యోగులు, దుకాణదారులు, ఒకరిద్దరు ఆటో డ్రైవర్లు ఉన్నారు. దాదాపు అందరమూ వైన్స్ షాపు, పర్మిట్ రూమ్ దారిలో చెడిపోయినవాళ్ళమే.

ఇటీవల ఒక కొత్త వ్యక్తి వచ్చాడు. గుర్తుపట్టకుండా ఉండేందుకు అతని ఊరూ పనీ మార్చి రాస్తున్నాను. దేవరకొండ వైపు మేస్త్రీ అనుకోండి. తన వంతు వచ్చినప్పుడు నిలబడి, తాను బ్రాందీ, విస్కీ ఏనాడూ ముట్టలేదనీ, పొద్దున్నే రెండు సీసాల కల్లు పడకపోతే చేతులు వణుకుతాయనీ, ఒకసారి దుకాణం రెండు రోజులు మూసి ఉంటే రాత్రంతా గోడతో మాట్లాడానని భార్య చెప్పిందనీ చెప్పాడు. వెనక వరుసలోంచి ఎవరో "కల్లు గూడ ఒక తాగుడేనా?" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు, అతనూ నవ్వాడు. మరుసటి ఆదివారం రాలేదు, ఆ తరువాతి వారమూ రాలేదు.

అప్పటినుంచి మాలో మాకు చర్చ నడుస్తున్నది. మన గ్రూపు ఒక్క మద్యం కోసమే పెట్టుకున్నది, అతని సమస్య కల్లులో కలిపే మత్తు మాత్రలది, మన అనుభవం అతనికి పనికిరాదు, ఇవాళ కల్లు అంటే రేపు గంజాయి, ఎల్లుండి ఆన్‌లైన్ రమ్మీ అంటారు అని కొందరి వాదన. వచ్చినవాణ్ణి వచ్చినట్టు కూర్చోబెట్టాలి గానీ రకాలు విడదీసే హక్కు మనకెవరిచ్చారు అని మరికొందరి వాదన. దీనికి తోడు గీత వృత్తి కుటుంబం నుంచి వచ్చిన ఒక పాత సభ్యుడు, కల్లును విషమని ఎవరన్నా అన్నప్పుడల్లా, తన తండ్రి తాడెక్కి తెచ్చి తమను చదివించిన సంపాదన అది అని బాధపడుతున్నారు.

తలుపు ఎంతవరకు తెరవాలి? వచ్చినవాడికి ఈ గది తనదే అనిపించాలంటే, అందరూ అందరికీ తెలిసిన ఇలాంటి ఊళ్ళో ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1
రాసినవారు: పాలమూరు పాతకాపు, మహబూబ్‌నగర్

రామగిరి వాసి గారికి నమస్కారం. వివరాలు మార్చి రాసినందుకు ముందుగా సంతోషం. ఇంకా తక్కువ రాసినా సరిపోయేది, ఎందుకంటే మన జిల్లాల్లో గోడతో మాట్లాడిన కథ ఒక్కటి చాలు, ఎవరో ఒకరు గుర్తుపడతారు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు మీ వాళ్ళంతా అనుకుంటున్నంత చిక్కుగా లేదు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలిచి ప్రారంభించిన ఈ సహవాసంలో గ్రూపులు పాటించే నియమాలను సంప్రదాయాలు అంటారు, వాటిలో మూడవదాని ప్రకారం సభ్యత్వానికి కావలసిన అర్హత ఒక్కటే, తాగుడు మానాలనే కోరిక. ఆ సంప్రదాయం ఊరికే పుట్టలేదు. తొలినాళ్ళలో ఒక్కో గ్రూపు తనకు తోచిన షరతులు పెట్టుకున్నది. ఇలాంటివాడు రాకూడదు, అలాంటివాడు రాకూడదు అని రాసుకున్న ఆ జాబితాలన్నీ ఒకచోట చేర్చి చూస్తే, వాటిని పెట్టినవాళ్ళతో సహా ఎవరూ లోపలికి వచ్చే వీలులేదని తేలింది. ఆ అనుభవం తరువాతనే షరతులన్నీ తీసేశారు, 1950లో క్లీవ్‌లాండ్ మహాసభలో పన్నెండు సంప్రదాయాలను అందరూ ఆమోదించారు.

ఇక కల్లు సంగతి. ఈతచెట్టుదైనా తాటిచెట్టుదైనా పులిసిన కల్లులో ఆల్కహాలు ఉంటుంది. బీరు తాగి చెడిపోయినవాడు మీ గదిలో కూర్చుంటున్నప్పుడు కల్లు తాగి చెడిపోయినవాడు ఎందుకు కూర్చోకూడదు? అతను నిలబడి మానాలని ఉన్నదని చెప్పిన క్షణానే సభ్యుడైపోయాడు. దాని మీద ఓటు వేసే అధికారం గ్రూపుకు లేదు, కార్యదర్శికి అసలే లేదు. అతని కల్లులో మాత్రలు కూడా కలిసి ఉండవచ్చు, ఉంటాయి కూడా. విస్కీతో పాటు నిద్రమాత్రలు మింగిన మీ ఉద్యోగ సభ్యులను ఎవరైనా ఆ కారణంతో బయటికి పంపారా?

ఒకే ఉద్దేశం అనే వాదనలోనూ న్యాయం లేకపోలేదు. మద్యంతో సంబంధమే లేక కేవలం గంజాయితోనో మాత్రలతోనో బాధపడే మనిషికి మన మాటలు అంతగా తగలవు. అలాంటివారి కోసమే 1953లో కాలిఫోర్నియాలో నార్కోటిక్స్ అనానిమస్ మొదలైంది. వాళ్ళు మత్తు పదార్థం ఏదని అడగరు, మద్యాన్ని కూడా మత్తు పదార్థాల్లోనే లెక్కిస్తారు. మన దగ్గర ఉన్న మార్గం ఏమిటంటే, మానాలనుకునే తాగుబోతులు మాత్రమే కూర్చునే క్లోజ్డ్ మీటింగు ఒకటి, ఎవరైనా వచ్చి వినగలిగే ఓపెన్ మీటింగు ఒకటి వేర్వేరుగా పెట్టుకోవడం. గంజాయి పిల్లవాడు ఓపెన్ మీటింగుకు వస్తాడు, టీ తాగుతాడు, వింటాడు, అతనికి సరిపోయే చోటు ఎక్కడున్నదో ఎవరో ఒకరు దగ్గరుండి చూపిస్తారు. రమ్మీ గురించి ఇప్పటినుంచే దిగులెందుకు, వాళ్ళెవరూ ఇంకా మీ తలుపు తట్టలేదు కదా.

నిజంగా కష్టమైనది మీ రెండవ ప్రశ్న. నియమం ప్రకారం సభ్యుడైనంత మాత్రాన మనిషికి ఆ గది తనదనిపించదు. మన ప్రాంతంలో కొత్తవాడు కనిపిస్తే ఆదరించే తీరు ఒక్కటే, "ఏ ఊరు బిడ్డా? ఎవరింటోళ్ళు?" అని అడుగుతాము. ఊరు చెప్పిస్తాము, ఇంటిపేరు చెప్పిస్తాము, మేనమామది ఏ ఊరో చెప్పిస్తాము, ఏదో ఒక చుట్టరికం దొరికేదాకా వదిలిపెట్టము. పెళ్ళిలో అది ఆప్యాయత. ఈ గదిలో అదే ప్రమాదం. రెండు ప్రశ్నల్లో కులం తెలిసిపోతుంది, మూడో ప్రశ్నకు ఆస్తి తెలిసిపోతుంది, నాలుగో ప్రశ్నకు అతని బావమరిది మీలో ఒకరికి స్నేహితుడని తెలిసిపోతుంది. అజ్ఞాతం అని గోడకు కాగితం అంటించి, కింద కూర్చుని ఇంటిపేరు అడుగుతున్న గ్రూపులు నేను చూశాను. ఏమీ అడగకుండా ఉంటే మన మనసుకు అది మర్యాదలాగే అనిపించదు, ఎదుటివాడికి కూడా తనను పట్టించుకోలేదనిపిస్తుంది. అందుకని మా దగ్గర తలుపు దగ్గర ఒకరిని కూర్చోబెడతాము. వచ్చినవారికి ఎదురెళ్ళి తన మొదటి పేరు చెప్పి, తాను ఏమి తాగేవాడో ఒక్క మాటలో చెప్పి, పక్కన కుర్చీ చూపించడమే అతని పని. అడగడు, చెబుతాడు. వినేవాడికి తన కథ చెప్పాలో వద్దో తేల్చుకునే వ్యవధి దొరుకుతుంది. మొదటి రోజే మాట్లాడాలన్న నియమం ఎక్కడా లేదు. వంతు వచ్చినప్పుడు ఈ రోజు వింటానని చెప్పి కూర్చోవచ్చని ప్రతి మీటింగు మొదట్లో పైకి చదవండి.

గీత కుటుంబం నుంచి వచ్చిన అన్నగారి బాధను కొట్టివేయవద్దు. చెట్టు కల్లు వేరు, చెట్లే లేని చోట కూడా పొడి కలిపి సీసాల్లో అమ్మే కల్తీ కల్లు వేరు. కల్తీ వలన గీత కార్మికుడికీ నష్టమే. అయినా గదిలో కూర్చున్నప్పుడు కల్లు మంచిదా చెడ్డదా అన్న చర్చ మన పని కాదు. బ్రూవరీల గురించి మనం తీర్పులు చెబుతున్నామా? ఎవరి తాగుడు వారు చెప్పుకుంటే చాలు. ఆ సంప్రదాయాల్లోనే బయటి వివాదాల మీద గ్రూపుకు అభిప్రాయం ఉండదని ఒకటి ఉన్నది, దానిని ఒకసారి మీ మీటింగులో చదవండి.

జవాబు 2
రాసినవారు: నర్సమ్మ, జడ్చర్ల

పైన పెద్దవారు చెప్పినదంతా సబబే, కానీ ఒక విషయం ఆదివారం దాకా ఆగేది కాదు. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. చేతులు వణకడం, రాత్రి లేనిది ఉన్నట్టు కనిపించడం, గోడతో మాట్లాడటం, వీటిని కేవలం కథగా వినవద్దు. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్‌లకు శరీరం అలవాటుపడిన తరువాత ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, మనిషి స్పృహ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. ఆల్ప్రజోలం అయితే ఒకటి రెండు రోజుల్లోనే తెలుస్తుంది. డయాజిపాం శరీరంలో చాలాకాలం నిలుస్తుంది కాబట్టి, రెండు మూడు రోజులు బాగానే ఉన్నాడని సంతోషించిన తరువాత కూడా లక్షణాలు మొదలవుతాయి. 2015లో దాడులు జరిగి కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు మన మహబూబ్‌నగర్ జిల్లాలోనూ నిజామాబాద్, మెదక్ జిల్లాల్లోనూ పెద్ద సంఖ్యలో జనం ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి కుటుంబాలు తాళ్ళతో కట్టి తీసుకొచ్చిన మనుషులను అప్పుడు చూసినవారికి ఇంకా గుర్తే. మద్యం విషయంలోనూ ఇంతే, చివరిసారి తాగిన రెండు మూడు రోజుల తరువాత వచ్చే మతిభ్రమణ దశ ప్రాణాంతకం కాగలదు.

కాబట్టి ఎవరైనా మీ గదిలో నిలబడి రేపటినుంచి ముట్టను అని ప్రకటిస్తే చప్పట్లు కొట్టే ముందు, పక్కకు పిలిచి, డాక్టరును చూశారా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న అడగవచ్చు. నల్లగొండలో 2019 నుంచి, మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి, వాటి ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. బయలుదేరలేని స్థితిలో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416, మత్తు మానుకునేవారి కోసం 14446 నంబర్లకు ఫోను చేయవచ్చు. డాక్టర్లు మత్తు మోతాదును కొలిచి, దానికి సరిపడే మందు ఇచ్చి, రోజులూ వారాలూ తీసుకుని మెల్లగా తగ్గిస్తారు.

ఇక్కడే గ్రూపులతో నాకు ఒక పేచీ ఉన్నది. అలా తగ్గించే మాత్ర వేసుకుంటున్న మనిషితో, "మాత్ర గూడ మత్తే గదా, ఇంకా నువ్వు మానలేదు" అని చెప్పే పాత సభ్యులు ప్రతిచోటా ఒకరుంటారు. ఆ మాట విని మాత్ర ఆపి ఫిట్స్‌తో వచ్చినవారికి నేను సెలైన్ ఎక్కించాను. సభ్యులెవరూ డాక్టరు వేషం వేయకూడదని ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ పత్రాల్లోనే ఉంటుంది. డిప్రెషన్‌కు మందు వాడేవారినీ, తాగాలనే కోరిక తగ్గించే మందు వాడేవారినీ సగం సభ్యులుగా చూడటం మానకపోతే, మీరు తలుపు ఎంత తెరిచినా వాళ్ళు గడప దగ్గరే ఉండిపోతారు. అలాగే తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరాం అనే మందు పొడిని ఇంటివాళ్ళు చెప్పకుండా చారులోనో కూరలోనో కలిపి పెట్టడం కూడా చూస్తుంటాము. తెలియక పైన మద్యం తాగితే గుండెకు ప్రమాదం. ఆ సలహా మీ గదిలో ఎవరి నోటా రాకుండా చూడండి.

జవాబు 3
రాసినవారు: సాగర్ కాలువ, మిర్యాలగూడ

నేను కొంచెం ఎదురు మాట చెప్పదలచుకున్నాను. అందరూ తలుపు తెరవమనే చెబుతారు, వినడానికి అది బాగుంటుంది. మా దగ్గర అలాగే తెరిచాము. ఒకాయన తాగి వచ్చి గంటన్నర మాట్లాడాడు, తాగని కొత్తవాళ్ళు ముగ్గురు లేచిపోయారు. ఇంకొకాయన తన ఊరి రాజకీయం మాట్లాడటానికి వచ్చేవాడు. తాగి ఉన్నా సరే రావచ్చు, వినవచ్చు, కానీ ఆ రోజు మాట్లాడకూడదు అనే కట్టుబాటు పెట్టిన తరువాతనే మా గది నిలబడింది. నన్ను అడిగితే, లోపల ఉన్నవాడికి రక్షణ లేని చోట బయటివాడికి ఇచ్చే ఆహ్వానానికి విలువ లేదు.

మీరెవరూ ప్రస్తావించని మరొక సంగతి వాట్సాప్. కొత్తవాడు రాగానే ప్రేమతో గ్రూపులో చేర్చేస్తారు. మరుక్షణం అతని నంబరు, ఫోటో, పేరు అందరికీ కనబడతాయి. ఆ జాబితాలో అతని కూతురి స్కూలు సారు ఉండవచ్చు, అతను అప్పు తీసుకున్న సేటు ఉండవచ్చు. ఒక్క స్క్రీన్‌షాటు బయటికి వెళితే ఊరంతా తెలిసినట్టే. డాక్టరు దగ్గర చెప్పినదానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యత హక్కునిస్తుంది. మన గదిలో చెప్పినదానికి తోటి సభ్యుడి నోరు తప్ప వేరే కాపలా లేదు. మేము వాట్సాప్ గ్రూపు తీసేసి, కార్యదర్శి ఫోను నుంచి బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా మీటింగు సమయం మాత్రమే పంపిస్తున్నాము. అందులో ఒకరి నంబరు మరొకరికి కనబడదు. కార్యదర్శి నంబరు ఫోనులో దాచుకున్నవారికే సందేశం చేరుతుంది కాబట్టి, వద్దనుకున్నవాడు ఆ నంబరు తీసేస్తే సరిపోతుంది, ఎవరికీ చెప్పి వెళ్ళనక్కరలేదు.

మీ మేస్త్రీ విషయంలో మాత్రం నాకు అభ్యంతరం లేదు. నవ్విన వాళ్ళ విషయంలోనే ఉన్నది.

జవాబు 4
రాసినవారు: పొదుపు లెక్కలు, వనపర్తి

ఈ చర్చలో ఇంతవరకు అందరూ అన్నలూ తమ్ముళ్ళ గురించే మాట్లాడారు కాబట్టి రాస్తున్నాను. నేను మహిళా సంఘం లెక్కలు రాస్తాను. నాటు పనికీ కలుపు పనికీ వెళ్ళే ఆడవాళ్ళు మధ్యాహ్నం కల్లు తాగడం మా వైపు కొత్త విషయం కాదు, దాన్నెవరూ తప్పు అనరు. తప్పు అనేది ఆ కల్లు లేకుండా ఇక ఉండలేని రోజు మొదలవుతుంది, అప్పుడు మగవాడికి జబ్బు అంటారు, ఆడదానికి వేరే పేర్లు పెడతారు. నేను అలా ఉండలేని స్థితిలో కొంతకాలం బతికాను, చికిత్స తీసుకుని బయటపడ్డాను.

చికిత్స తరువాత ఒక గ్రూపుకు వెళ్ళాను. అక్కడ నన్నెవరూ అవమానించలేదు. నేను గదిలోకి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. గోడ పక్కన ఒక కుర్చీ తుడిచి, వేరుగా వేసి కూర్చోబెట్టారు. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడుకుంటున్నవారు గొంతు తగ్గించారు, ఒకాయన సగంలో ఉన్న తన మాట ఆపేసి, "అక్క ముందర ఎట్ల జెప్పాలె" అన్నారు. అంత మర్యాద చేసిన తరువాత నేను అక్కడ నా సంగతి ఏం చెప్పగలను? టీ తాగేటప్పుడు ఒక పెద్దమనిషి దగ్గరికి వచ్చి, భర్త కోసం వచ్చావా తల్లీ అని అడిగారు. అవునన్నాను. భార్యల కోసం, కుటుంబాల కోసం అల్ అనాన్ అనే వేరే సహవాసం 1951 నుంచి ఉన్నదని ఆయన చక్కగా వివరించారు కూడా. ఆయన మంచివారే, ఆడమనిషి తన కోసం రాగలదన్న ఆలోచన ఆయనకు తట్టలేదు, అంతే.

తరువాత మేము ముగ్గురం ఆడవాళ్ళం సంఘం మీటింగు అయిపోయాక అదే చోట కూర్చోవడం మొదలుపెట్టాము. సంఘానికి వెళుతున్నామంటే ఇంట్లో ఎవరూ ప్రశ్నించరు. ఆదివారం సాయంత్రం గ్రూపు అంటే మాకు కుదరదు, వంటా ఉంటుంది, ఊరికి చివరి బస్సూ ఉంటుంది. మీ గ్రూపు తలుపు గురించి ఆలోచించేటప్పుడు గంట కూడా చూడండి, ఎందుకంటే ఆరు గంటలకు పెట్టిన మీటింగు మీరు ఏమి రాసి అంటించినా ఆడవాళ్ళకు మూసి ఉన్నట్టే. ఒక ఆడమనిషి వస్తే, దయచేసి లేచి నిలబడకండి. వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీ చూపించి, ఆపిన మాట కొనసాగించండి.

రామగిరి వాసి, నల్లగొండ

అందరికీ కృతజ్ఞతలు. నర్సమ్మ గారి జవాబు చదివిన రోజే, ఆ వ్యక్తిని తీసుకొచ్చిన సభ్యుణ్ణి పట్టుకుని అతని ఇంటికి కబురు పంపాను. అతను ఇంకా తాగుతూనే ఉన్నాడు, ఈ పరిస్థితిలో అదే నయమని ఇప్పుడు అర్థమవుతున్నది. ఆసుపత్రికి రావడానికి ఒప్పుకున్నాడు, తోడు మా ఆటో సభ్యుడు వెళుతున్నాడు. నెలలో మొదటి ఆదివారం ఓపెన్ మీటింగు మధ్యాహ్నం మూడింటికి పెట్టాలనీ, మిగతా ఆదివారాలు క్లోజ్డ్‌గా ఉంచాలనీ గ్రూపులో అనుకున్నాము. వాట్సాప్ గురించి కొంత గొడవ జరిగింది, ఇంకా తేలలేదు. గీత కుటుంబం అన్నగారే తలుపు దగ్గర కూర్చుంటానని ముందుకు వచ్చారు.

ఒక్క సందేహం మిగిలింది. అతను చికిత్స తరువాత తిరిగి వస్తే, నవ్విన విషయం ఎత్తి అందరి ముందు క్షమాపణ చెప్పించాలా? ఏదైనా బాధ్యత అప్పగిస్తే కుదురుకుంటాడని ఒకరు అంటున్నారు, టీ పెట్టి గ్లాసులు కడిగే పని ఇద్దామంటున్నారు.

పాలమూరు పాతకాపు, మహబూబ్‌నగర్

అందరి ముందు క్షమాపణ వద్దు, అతన్ని మళ్ళీ ఒకసారి అందరూ తిరిగి చూసినట్టవుతుంది. నవ్వినవాళ్ళలో ఒకరు పక్కన కూర్చుని తన సంగతి చెప్పుకుంటే సరిపోతుంది. బాధ్యత ఇవ్వడం మంచిదే, ఏ దేశంలోనైనా ఈ గ్రూపుల్లో కొత్తవాడు నిలబడేది పనితోనే. కానీ సార్లంతా కుర్చీల్లో కూర్చుని, కూలి చేసుకునే మనిషి చేత గ్లాసులు కడిగించే దృశ్యం అతను బయట రోజూ చూసేదే. అతనికి గది తాళంచెవి ఇవ్వండి, లేదా చందా డబ్బా లెక్క అప్పగించండి. గ్లాసులు కడగడానికి వంతులు వేసి కాగితం మీద రాయండి, మొదటి వారం రెవెన్యూవారి పేరు పెట్టండి.